సొంత వంశ లాంఛనం రూపొందించుకోవడం: చిత్తూరు వైపు కుటుంబానికి ఏది నప్పుతుంది, ఎక్కడ తప్పు జరుగుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇదీ: నాన్నగారి వైపు నగరి దగ్గర మగ్గం నేసిన కుటుంబం, అమ్మగారి వైపు దామలచెరువు పక్క మామిడి రైతులు, ఇంటి దేవత గంగమ్మ, ఇంటిపేరు ఒక ఊరి పేరు, అబ్బాయి చిహ్నాన్ని విదేశంలోనూ వాడతాడు. తిరుపతిలో కడుతున్న ఇంటి గుమ్మం మీద, వచ్చే ఏడు పెళ్లి శుభలేఖ మీద వేయించడానికి కోట్ ఆఫ్ ఆర్మ్స్ (ఐరోపాలో డాలు మీద వేసుకునే వంశ చిహ్నం) లాంటి చిహ్నం కావాలి. ఇంటిపేరు కొడితే ఒక వెబ్‌సైటు రెండు సింహాలు, ఇనుప శిరస్త్రాణం ఉన్న బొమ్మ ఇచ్చింది. అది వాడుకోవచ్చా? పిల్లల తరానికి చిహ్నం ఎలా చెందాలి?

వద్దు. ఆ బొమ్మకూ మీ వంశానికీ ఏ సంబంధమూ లేదు. ఇంటిపేరుకు కోట్ ఆఫ్ ఆర్మ్స్ అనేది అసలు ఆ పద్ధతి పుట్టిన దేశాల్లోనే లేదు. ఇంగ్లండులో 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఇప్పటికీ ఒక వ్యక్తికి, అతని సంతతికి మాత్రమే చిహ్నం మంజూరు చేస్తుంది. అదే ఇంటిపేరున్న మరొకరికి దాని మీద హక్కు రాదు. స్కాట్లండులో ఈ చిహ్నాల వ్యవహారం చూసే లార్డ్ లయన్ కోర్టు ఉంది, అక్కడ ఒకరి చిహ్నం మరొకరు వాడుకుంటే చట్టరీత్యా తప్పు. మన దేశంలో ఇలాంటి కార్యాలయం లేదు. కాబట్టి ఎవరి అనుమతీ అక్కరలేదు. అలాగే ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్‌కు విలువా లేదు. డబ్బు కట్టి "రిజిస్టర్" చేయించుకోమనే వాళ్లు అమ్మేది ఒక కాగితం, అంతే.

శిరస్త్రాణం, కిరీటం, రెండు పక్కలా నిలబడ్డ జంతువులు, ఇవన్నీ ఐరోపాలో హోదాను బట్టి ఇచ్చినవి. మన సంస్థానాధీశులకు ఆ తరహా చిహ్నాలు మూకుమ్మడిగా వచ్చింది 1877 దిల్లీ దర్బారులో. బెంగాల్ సివిల్ సర్వీసులో ఉన్న రాబర్ట్ టేలర్ వాటిని రూపొందిస్తే, జెండాల మీద కుట్టి రాజులకు అందించారు. నేత కుటుంబం, రైతు కుటుంబం దాన్ని అనుకరించాల్సిన అవసరం ఏముంది? మనకు అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే లాంఛనాలున్నాయి. పల్లవులకు వృషభం, చోళులకు పులి, పాండ్యులకు చేపలు, చాళుక్యులకు వరాహం. చంద్రగిరిని చివరి రాజధానుల్లో ఒకటిగా చేసుకున్న విజయనగర రాజులకు వరాహం, కత్తి, పైన సూర్యచంద్రులు. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల ముద్ర ఒకసారి బొమ్మల్లోనైనా చూడండి: గుండ్రటి ముద్ర మధ్యలో అడ్డంగా "శ్రీ త్రిభువనాంకుశ" అని అక్షరాలు, వాటితో పాటు వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, పద్మం. అరచేతిలో ఇమిడే చోట అన్నీ కుదురుగా అమరిపోయాయి. మీకు డాలు ఆకారం పరాయిగా అనిపిస్తే ఈ గుండ్రటి ముద్ర పద్ధతి తీసుకోండి. కింద చెప్పేవన్నీ రెంటికీ వర్తిస్తాయి.

బొమ్మ గీయడానికి ముందు చేయాల్సిన పని కాగితాలు వెతకడం. "మా పూర్వీకులు విజయనగర సేనాపతులు" అని ఎవరో పెళ్లిలో అన్న మాట పట్టుకుని కత్తి పెట్టించుకుంటే రేపు మీ మనవడు అడిగే ప్రశ్నకు జవాబుండదు. పాత దస్తావేజులు, అడంగళ్లు, శుభలేఖలు, ఇత్తడి బిందెల మీద చెక్కించిన పేర్లు, గుడికి ఇచ్చిన గంట మీది అక్షరాలు సేకరించండి. మన వైపు వాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు కాగితాల్లో నగరి, పుత్తూరు, చంద్రగిరి వైపు ఊళ్లు ఉత్తర ఆర్కాటు జిల్లా కింద, మదనపల్లె, వాయల్పాడు వైపు ఊళ్లు కడప జిల్లా కింద ఉంటాయి. చిత్తూరు పేరుతో వెతికితే దొరకవు. నగరి ప్రాంతపు పాత దస్తావేజులు అరవంలో ఉంటే చదవగలిగినవాళ్ల చేత చదివించుకోండి, అందులో వృత్తి, తాత ముత్తాతల పేర్లు రాసి ఉండవచ్చు. తిరుమల శాసనాలను దేవస్థానం 1930లలోనే సంపుటాలుగా అచ్చు వేయించింది. వాటిలో మీ ఊరి పేరు కనిపించవచ్చు. కానీ మీ ఇంటిపేరు లాంటి పేరు కనబడగానే ఆయన మా పూర్వీకుడే అనుకోకండి. ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. ఒకే ఊరినుంచి వచ్చిన వేర్వేరు కులాలవాళ్లకు ఒకే ఇంటిపేరు ఉండటం మామూలు.

ఇలా రుజువున్న వాటిలోంచి మూడు మాత్రమే తీసుకోండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. తండ్రి ఉద్యోగం, కొడుకు అమెరికా చదువు, తాత స్వాతంత్ర్య పోరాటం, ఏడు కొండలు, ఆవు, పుస్తకం, దీపం అన్నీ పెట్టేసరికి అది చిహ్నం కాకుండా స్కూలు సావనీరు అట్టలా తయారవుతుంది. పది అడుగుల దూరంనుంచి చూస్తే ఏదీ కనబడదు.

ఏ మూడు? ప్రతి వస్తువునూ ఒకే పరీక్షకు పెట్టండి: నల్ల కాగితంలో కత్తిరించి గోడకు అంటిస్తే చూసినవాళ్లు చెప్పకుండా గుర్తుపట్టాలి. మగ్గం మొత్తం గీస్తే ఈ పరీక్షలో ఓడిపోతుంది. కర్రల చట్రంలా కనిపిస్తుంది. రాట్నం నిలుస్తుంది గానీ అది జాతీయోద్యమాన్ని గుర్తు చేస్తుంది తప్ప మీ ఇంటిని కాదు. నాడె (మగ్గంలో అడ్డనూలును అటూ ఇటూ నడిపే పరికరం) అన్నిటికన్నా బాగా నిలుస్తుంది. రెండు కొనలూ మొన తేలి, మధ్యలో నూలు చుట్టిన కండె కూర్చునే గుంటతో ఉండే ఆకారం మరి దేనికీ లేదు. మామిడిలో బేనీషా గీస్తే ఏ కాయో తెలియదు. తోతాపురి గీయండి. కింద చిలక ముక్కులా వంగిన కొన ఉంది కాబట్టి నీడలోనూ తెలుస్తుంది, పైగా మన జిల్లా గుజ్జు ఫ్యాక్టరీలకు ఆధారం ఆ కాయే. పుంగనూరు ఆవు పెట్టాలని చాలామందికి మోజు. దాని ప్రత్యేకత పొట్టితనం, చిహ్నంలో కొలబద్ద ఉండదు, కాబట్టి పక్కన ఏదీ లేకుండా గీస్తే మామూలు ఆవులాగే కనిపిస్తుంది. ఎర్రచందనం చెట్టు గీస్తే ఏ చెట్టో తెలియదు. దాని కాయ గీయించండి: గుండ్రటి రెక్క మధ్యలో విత్తనం, చూడగానే గుర్తుండిపోతుంది.

ఇంటిపేరే వస్తువును సూచిస్తుంటే ఇంకా సులువు. స్పెయిన్‌లో కాస్టీల్ రాజ్యానికి కోట, లియోన్ రాజ్యానికి సింహం పెట్టింది ఆ పేర్ల వల్లే. చింత, వేప, తాటి, గొడ్డలి, కత్తి లాంటి మాటలతో మొదలయ్యే ఇంటిపేర్లు మనకు కావలసినన్ని. మీ ఇంటిపేరు ఊరి పేరు అన్నారు కాబట్టి మీకు ఈ దారి లేదు.

దేవత విషయంలో నా అభిప్రాయం గట్టిది. విగ్రహ రూపం గీయించకండి. శుభలేఖ కవరు రోడ్డు మీద పడుతుంది, పేపర్ న్యాప్కిన్ చెత్తబుట్టలో పడుతుంది, కాలిపట్టా మీద ఎవరో ముద్దుగా వేయిస్తారు. దేవతకు చెందిన వస్తువు ఒకటి చాలు. గంగమ్మకు వేపరెమ్మ, నరసింహస్వామికి స్తంభం, సుబ్రహ్మణ్యుడికి నెమలీక, కాళహస్తీశ్వరుడికి మూడు దళాల మారేడు పత్రి. నామం పెట్టుకోవాలనుకునేవాళ్లు వైష్ణవుల్లోని వడగలై, తెంగలై శాఖల రూపాలు వేరని, తిరుమల స్వామివారి నామం ఆ రెండింటిలా కాదని తెలిసిన పెద్దల ముందు గీయించాలి. అంచు తప్పితే పెళ్లిపందిట్లోనే చర్చ మొదలవుతుంది. పార్టీ గుర్తుల సంగతీ చూసుకోండి. సైకిలు, ఫ్యాను, గాజు గ్లాసు, చెయ్యి వద్దు. తామర కావాలంటే పక్కనుంచి కాకుండా పైనుంచి చూసినట్టు, ఎనిమిది రేకులతో గీయించండి.

రంగుల దగ్గర మాత్రం ఐరోపా వాళ్ల నియమం ఒకటి నూటికి నూరుపాళ్లు పాటించాలి. రంగులను రెండు జట్లుగా చూస్తారు. పసుపు, తెలుపు ఒక జట్టు, వీటిని లోహాలంటారు, బంగారం, వెండి అన్నమాట. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా రెండో జట్టు. వెనక నేల ఒక జట్టు రంగుదైతే దాని మీద అదే జట్టు రంగు బొమ్మ పెట్టకూడదు. ఎరుపు మీద ఆకుపచ్చ పెడితే దూరంనుంచి మసకబారుతుంది, ఎరుపు, ఆకుపచ్చ తేడా కనబడని చూపున్నవాళ్లకు అసలే కనబడదు. తెలుపు మీద పసుపు ఎండలో మాయమవుతుంది. అనుమానంగా ఉంటే ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపుకు మార్చి చూడండి. రెండూ ఒకే బూడిద రంగులోకి దిగితే ఆ జోడీ పనికిరాదు. మొత్తం మీద మూడు రంగులు దాటొద్దు.

ఇప్పుడు మీ మూడు వస్తువులు: నాడె, తోతాపురి కాయ, వేపరెమ్మ. తిరుపతి కోసం ఏడు కొండలను విడిగా బొమ్మగా పెట్టకుండా డాలును రెండుగా విడదీసే గీతగా వాడండి. ఏడుకొండలు ఒంటరిగా ఇక్కడి సగం దుకాణాల బోర్డుల మీద ఉన్నాయి, అది మిమ్మల్ని ప్రత్యేకంగా చూపదు. గీతగా అయితే స్థలమూ తినదు. చిహ్నానికి అసలు రూపం బొమ్మ కాదు, వాక్యం. దాన్ని చదివి ఏ చిత్రకారుడైనా తన చేతి తీరులో గీయగలగాలి, ఎన్నిసార్లు గీసినా అదే చిహ్నం కావాలి. ఐరోపాలో దీన్ని బ్లేజన్ అంటారు. మీకు నేను సూచించేది:

"ఏడు వంపులు పైకి లేచిన గీతతో అడ్డంగా విడిన డాలు. పై మూడోవంతు పసుపు, అందులో పక్కకు మూడేసి ఆకులున్న ఆకుపచ్చ వేపరెమ్మ ఒకటి అడ్డంగా. కింద ఎరుపు, అందులో నిలువుగా పసుపు నాడె ఒకటి, దానికి ఇరువైపులా ముక్కు బయటికి తిరిగిన పసుపు తోతాపురి కాయ ఒక్కొక్కటి."

పసుపు మీద పచ్చ, ఎరుపు మీద పసుపు. పచ్చకూ ఎరుపుకూ మధ్య పసుపు ఉంది కాబట్టి అవి తగలవు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. రబ్బరు స్టాంపు, ఒక్క రంగు అచ్చు అవసరమైనప్పుడు పసుపు ఉన్నచోట ఖాళీ వదిలి, మిగతా రెండూ నిండుగా నింపితే చిహ్నం చెక్కుచెదరకుండా వస్తుంది. పాత పుస్తకాల్లో రంగులకు బదులు చుక్కలు, గీతలు వాడే పద్ధతి ఉంది (పసుపుకు చుక్కలు, ఎరుపుకు నిలువు గీతలు, నీలానికి అడ్డ గీతలు), కానీ చిన్న స్టాంపులో చుక్కలు సిరాతో పూడిపోతాయి. మీకు ఆ బాధ లేదు.

గ్రాఫ్ కాగితం మీద 120 మిల్లీమీటర్ల వెడల్పు, 144 ఎత్తున డాలు గీయండి. పై భాగం 48, కింది భాగం 96. అడ్డగీతలో ఒక్కో వంపు సుమారు 17 మిల్లీమీటర్లు వస్తుంది, ఎత్తు 6 చాలు. నాడె 76 పొడవు, 16 వెడల్పు. కాయ ఒక్కోటి 28 వెడల్పు. అప్పుడు అంచుకూ కాయకూ మధ్య, కాయకూ నాడెకూ మధ్య సరిగ్గా 12 చొప్పున నాలుగు ఖాళీలు మిగులుతాయి. కాయలను నాడె పైసగానికి పక్కన ఉంచండి, కిందికి జారిస్తే డాలు సన్నబడేచోట ఇరుక్కుంటాయి. నాడె నిలువుగా ఎందుకంటే, దాని మొన డాలు మొనలోకి సహజంగా దిగుతుంది. అడ్డంగా పెడితే కింద ఖాళీ మిగిలి, దాన్ని నింపడానికి ఇంకో బొమ్మ వెతుక్కోవాలి.

శుభలేఖ మీద ఈ చిహ్నం 20 మిల్లీమీటర్ల వెడల్పుకు వస్తుందనుకోండి, అంటే ఆరోవంతు. అసలు బొమ్మలో 2 మిల్లీమీటర్ల గీత అక్కడ 0.33 అవుతుంది. అంతకన్నా సన్నని గీత స్క్రీన్ ప్రింటులో తెగిపోతుంది, బంగారు రేకు అచ్చులో పట్టదు. కాబట్టి అసలు బొమ్మలో 2 కన్నా సన్నని గీత, 3 కన్నా ఇరుకు సందు ఉండకూడదు. వేపాకు అంచున రంపపు పళ్లు గీయాలనిపిస్తుంది, పెద్దవి నాలుగైదు చాలు. నాడె మధ్య గుంట తప్పక ఉంచండి, అది లేకపోతే పడవ అనుకుంటారు. నీడలు, మెరుపులు, ఒక రంగులోంచి మరో రంగులోకి జారే గ్రేడియంట్లు అస్సలు వద్దు. ప్రింటింగుకు మొదలుపెట్టడానికి సిరాల పాళ్లు, శాతాల్లో, ఇవీ. ఎరుపు: మెజెంటా 100, పసుపు 90, సయాన్ 15, నలుపు 10. పసుపు: పసుపు 100, మెజెంటా 20. ఆకుపచ్చ: సయాన్ 90, పసుపు 95, మెజెంటా 30, నలుపు 30. అచ్చుకు ముందు ఒక కార్డు నమూనా తీయించి పగటి వెలుగులో చూడండి.

కింద వాక్యం కావాలంటే రెండు మూడు మాటలకు మించకూడదు, మీ సొంతంగా రాసుకోండి. తెలుగు అక్షరాల్లో ఒత్తులు కింద మరో వరస తీసుకుంటాయి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలకు పట్టే ఎత్తుకు ఒకటిన్నర రెట్లు స్థలం వదలాలి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. మీరు ఫోనులో టైపు చేసి పంపిన యూనికోడ్ వాక్యం వాళ్ల పాత పేజ్‌మేకర్‌లో ఒత్తులు విడిపోయి పడుతుంది. అందుకే అక్షరాలను ఆకారాలుగా, అంటే కర్వ్స్‌గా, మార్పించి పీడీఎఫ్, ఎస్వీజీ ఫైళ్లు తీసుకోండి. జేపీఈజీ ఒక్కటే చేతిలో పెట్టి పంపిస్తే ఒప్పుకోకండి, గుమ్మం సైజుకు పెంచగానే అంచులు పగిలిపోతాయి.

గుమ్మానికి ఇత్తడి పలక బాగుంటుంది. 3 మిల్లీమీటర్ల రేకు మీద ఎరుపు, ఆకుపచ్చ భాగాలను అర మిల్లీమీటరు లోతున తొలిచి ఎనామెల్ నింపిస్తే ఇత్తడే పసుపు అవుతుంది, మళ్లీ బంగారు రంగు పూయనక్కరలేదు. చెక్క కావాలంటే ఏర్పేడు దగ్గర మాధవమాల చెక్కడంవాళ్ల దగ్గరికి వెళ్లండి. లోతు చెక్కడానికి టేకు, వేప మేలు. మామిడి చెక్క అమ్మవైపు గుర్తుగా బాగుంటుందని అనిపించినా పురుగు పడుతుంది, వానకు వంగుతుంది. ఎర్రచందనం అయితే అటవీ శాఖ అనుమతి ఉన్న చోటు నుంచి బిల్లుతో మాత్రమే కొనండి, విదేశాలకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఆ మాటే మానుకోండి.

హాల్లో వేలాడదీయడానికి కాళహస్తి కలంకారీ కన్నా మంచిది నాకు తోచదు. అక్కడి పద్ధతి ఈ చిహ్నానికి కుట్టినట్టు సరిపోతుంది. నూలు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు, పాలలోని వెన్న సిరా పాకకుండా పట్టి ఉంచుతుంది. చింతబరిక బొగ్గుతో గీసి, ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన కసిమితో నల్ల అంచు వేస్తారు. పటిక పూసిన చోటే ఎరుపు పడుతుంది. ఆకుపచ్చ విడిగా ఉండదు, పసుపు మీద నీలం వేస్తే వస్తుంది. కాబట్టి మీ వేపరెమ్మ కొద్దిగా చేతి తేడాతో వస్తుంది, అదే అందం. కానీ సిరా ఎంతో కొంత పాకుతుంది, డాలు 30 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గితే ఏడు వంపులు ముద్దవుతాయి. పని ఒప్పగించేటప్పుడు బొమ్మతో పాటు పైన రాసిన వాక్యం కూడా ఇవ్వండి. "ఎరుపు ఎక్కడ, ఖాళీ ఎక్కడ" అని పటిక పూసే ముందే ఒకసారి చూపించమనండి. పటిక పడి రంగులో ఉడికాక దిద్దే వీలు లేదు.

చట్టం వైపు ముఖ్యమైనవి కొన్నే. నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని గానీ, దాన్ని పోలిన రూపాన్ని గానీ వాడకూడదు. 2005 నాటి చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడు సింహాలు కనబడేలా ఏ అమరికా వద్దు. ఇంట్లో డాక్టరు ఉన్నారని తెలుపు మీద ఎర్ర ప్లస్ కూడా పెట్టకండి, రెడ్ క్రాస్ గుర్తుకు వేరే చట్టరక్షణ ఉంది. దేవస్థానం, పోలీసు, విశ్వవిద్యాలయాల ముద్రలనుంచి ముక్కలు తీసుకోవద్దు.

పిల్లల తరం గురించి అడిగారు. ఇంగ్లండులో తండ్రి బతికుండగా పెద్దకొడుకు దువ్వెన పళ్లలా మూడు కొసలు దిగిన పట్టీ, రెండోవాడు నెలవంక, మూడోవాడు నక్షత్రం చేర్చి వాడే ఆచారం ఉంది. మీ ఇంట్లో కూతురికీ కొడుకుకీ సమానంగా చెందుతుందని ముందే రాసిపెట్టండి. వేరు కాపురం పెట్టినవాళ్లు వేపరెమ్మ స్థానంలో తమ ఇష్టమైన ఒక్క వస్తువు మార్చుకోవచ్చని, నాడె, కాయలు, ఏడు వంపులు మాత్రం మారవని రాయండి. పెళ్లిలో రెండు కుటుంబాల చిహ్నాలను సగం సగం అతికించడం కన్నా ఇది చక్కగా ఉంటుంది. సగానికి కోసిన డాలులో రెండూ ఇరుకైపోతాయి.

చివరగా డబ్బు ఇచ్చే ముందు చిత్రకారుడితో ఒక కాగితం రాయించుకోండి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లకే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అనుకుంటారు. మీ అబ్బాయి విదేశంలో వాడతాడు కాబట్టి "హక్కు ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ" అన్న రెండు మాటలు అందులో ఉండేలా చూసుకోండి. ఆ కాగితానికే వాక్యాన్ని, గ్రాఫ్ బొమ్మ నకలును, రంగుల అంకెలను జతచేసి దస్తావేజులున్న పెట్టెలోనే పెట్టండి.